పాదానికి వేడి పెట్టి కెమెరాతో చూసేదేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఈమధ్య అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయి. మొన్న టెస్టుకి వెళ్తే పాదం మీద చిన్న హీటర్ పెట్టి, ఎర్ర లేజర్ వేసే చేతిలో పట్టేంత కెమెరాని స్టాండుకి బిగించి, అరగంట పైనే కదలొద్దన్నారు. చివర్లో "మొదటి పెరుగుదల తక్కువగా ఉంది" అన్నారు. అంటే ఏంటండీ? ఇంట్లో వేడినీళ్ల బాటిల్ పెట్టుకుని ఫోన్‌తో చూసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ బాటిల్ సంగతి, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. తిమ్మిరి పాదానికి కాలుతున్నా తెలీదు, బొబ్బ లేచాక చూసుకుంటారు, షుగర్ ఉన్నవాళ్లకి ఆ పుండు మానడం చాలా కష్టం.

ఇక టెస్టు. అది వేడిని కొలిచే కెమెరా కాదు, రక్తం కదలికని చూసేది. లేజర్ కాంతి చర్మం మీద పడితే ఇసక చల్లినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి, కింద ఎర్ర రక్తకణాలు పరిగెడుతుంటే ఆ చుక్కలు చెదిరి మసకబారతాయి, ఎంత మసకైతే అక్కడ రక్తం అంత జోరుగా కదులుతున్నట్టు. దీన్ని లేజర్ స్పెకిల్ ఇమేజింగ్ అంటారు, 1980ల మొదట్లో ఫెర్చర్, బ్రయర్స్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఫోన్ ఫ్లాష్ లేజర్ కాదు కాబట్టి దాంతో ఈ చుక్కలు రావు.

నాకు బాగా నచ్చేది వేడి పెట్టాక జరిగేది. చర్మాన్ని 42 నుంచి 44 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే మొదటి కొన్ని నిమిషాల్లోనే రక్తం గబుక్కున పెరుగుతుంది, ఇది ఎక్కువగా సన్నటి నరాల పని, కబురు మెదడు దాకా వెళ్లక్కర్లేదు, ఆ నరాల కొసలే అక్కడికక్కడ రక్తనాళాలు తెరుచుకునేలా చేస్తాయి. తర్వాత కొంచెం తగ్గి మళ్లీ మెల్లగా పెరిగి అలాగే నిలబడుతుంది, ఆ రెండోదానికి ముఖ్యంగా రక్తనాళాల లోపలి పొర వదిలే నైట్రిక్ ఆక్సైడ్ కారణం. మీకు మొదటిదే తక్కువుందన్నారంటే సన్నటి నరాలని అనుమానించాలి, మీ తిమ్మిరికీ అది సరిపోతుంది.

కానీ ఈ ఒక్క బొమ్మతో తేల్చెయ్యకూడదండి. కెమెరాకి కనిపించేది చర్మం పైపొరల్లోనే, మిల్లీమీటరు లోపు, పెద్ద రక్తనాళంలో అడ్డు ఉంటే ఇందులో తెలియకపోవచ్చు. కాలు కదిలినా, గది చల్లగా ఉన్నా, ముందు కాఫీ తాగినా సిగరెట్ కాల్చినా లెక్క మారిపోతుంది. ఈసారి వెళ్లినప్పుడు పాదానికి సన్నటి నైలాన్ దారం ఆనించి చేసే స్పర్శ పరీక్ష, చీలమండ దగ్గర నాడి, రెండూ చూడమని అడగండి. అప్పటిదాకా రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి, చెప్పుల్లేకుండా నడవకండి.