వైడ్ రిసీవర్ కావాలనుకుంటున్న అబ్బాయి తండ్రికి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పద్నాలుగేళ్లుగా టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. నేను హెచ్-1బీ మీద పనిచేస్తున్నాను, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా వరుసలోనే ఉంది. మా అబ్బాయి హైదరాబాద్‌లో పుట్టి, రెండేళ్ల వయసులో మాతో వచ్చాడు. ఇప్పుడు పదో తరగతి. హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్‌లో జూనియర్ వర్సిటీ (రెండో శ్రేణి) జట్టులో వైడ్ రిసీవర్‌గా ఆడుతున్నాడు. బంతి పట్టడంలో మంచి నేర్పు ఉందని కోచ్ అంటున్నారు. ఈ ఆటలోని వృత్తి జట్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడడమే తన లక్ష్యమని వాడు చెబుతున్నాడు. తలకు దెబ్బలు తగిలే ఆట మనకెందుకని మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. వేసవి శిక్షణ శిబిరాలకు వేల డాలర్లు ఖర్చవుతుందంటున్నారు. ప్రోత్సహించాలా, మాన్పించాలా?

జవాబు: మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం, అంటే మీ వీసా సంగతి, మీ అబ్బాయి ఆట భవిష్యత్తును వాడి వేగం కంటే, ఎత్తు కంటే ముందుగా నిర్ణయించగలదు. దాని దగ్గరకు తప్పకుండా వస్తాను. దానికి ముందు, వాడు కోరుకుంటున్న పని ఎలాంటిదో మీకు తెలియాలి. పిల్లవాడు ఇష్టపడిన పనిని అర్థం చేసుకోకుండా అవునని చెప్పినా కాదని చెప్పినా వాడు మన మాటను లెక్కచేయడు.

వైడ్ రిసీవర్ అంటే పరుగెత్తి బంతి పట్టుకొనేవాడని చాలామంది అనుకుంటారు. క్రికెట్‌లో ఫీల్డరు బంతి బ్యాటుకు తగిలాక దాన్ని చూసి దాని కిందకు పరుగెడతాడు. రిసీవర్ పని దీనికి పూర్తిగా వేరు. బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ చాలాసార్లు రిసీవర్ ఇంకా వెనుదిరగకముందే బంతిని ఒక ఖాళీ చోటికి విసిరేస్తాడు. ఎన్ని అడుగులు వేశాక ఏ వైపు మలుపు తిరగాలో ఇద్దరూ ముందే కంఠస్థం చేసి ఉంటారు కాబట్టి, బంతి ఆ చోటికి చేరే క్షణానికి రిసీవర్ కూడా అక్కడ ఉంటాడు. ఈ దారులను రూట్లు అంటారు. స్లాంట్, కర్ల్, పోస్ట్, కార్నర్, గో వంటి ప్రాథమికమైన రూట్లను సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలతో గుర్తుపెట్టుకుంటారు. తనను అడ్డుకోవడానికి ఎదురుగా ఉన్న కార్నర్‌బ్యాక్ ఎలా నిలబడ్డాడో చూసి, పరుగు మొదలయ్యాక కూడా రూటును మార్చుకోవలసి ఉంటుంది. మ్యాచ్‌లో ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు; బంతి తనకు రాని ప్లేలలో, అంటే ఎక్కువ ప్లేలలో, ఎదుటి ఆటగాడిని అడ్డుకుని నిలబెట్టడమో, తన వెంట పక్కకు లాక్కెళ్లడమో చేయాలి. అందువల్ల ఈ స్థానంలో జ్ఞాపకశక్తికీ, ఒకే పనిని వందలసార్లు అంతే కచ్చితంగా చేసే ఓపికకూ కాళ్ల వేగంతో సమానమైన విలువ ఉంది.

దీనికి అందరూ చెప్పే సాక్ష్యం జెర్రీ రైస్. మిసిసిపీ రాష్ట్రంలో తాపీ పనిచేసే తండ్రికి పుట్టి, చిన్నప్పుడు సోదరులు విసిరిన ఇటుకలను అందుకుంటూ తండ్రికి సాయం చేసిన ఆ అబ్బాయి, పెద్దగా పేరులేని మిసిసిపీ వ్యాలీ స్టేట్‌లో చదివి, 1985 డ్రాఫ్ట్‌లో (వృత్తి జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) పదహారో ఎంపికగా శాన్ ఫ్రాన్సిస్కో జట్టులో చేరాడు. పరుగులో అంత వేగం లేదని అప్పట్లో అన్నారు. ఇరవై సీజన్లు ఆడి 1,549 సార్లు బంతి పట్టి, 22,895 గజాలు (పట్టిన బంతితో జట్టును ముందుకు జరిపిన దూరం) సాధించాడు. ఆ రెండు అంకెలనూ ఇప్పటికీ ఎవరూ దాటలేదు. మనకు కాస్త దగ్గరి కాలంలో కూపర్ కప్ అనే ఆటగాడిని పెద్ద విశ్వవిద్యాలయాలేవీ పట్టించుకోలేదు. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో ఆడి, 2017లో మూడో రౌండులో ఎంపికై, 2021 సీజన్‌లో 145 క్యాచ్‌లతో 1,947 గజాలు సాధించి, ఆ సీజన్ చివర జరిగిన లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2023లో అయిదో రౌండులో 177వ ఎంపికగా వచ్చిన పుకా నకువా మొదటి ఏడాదే 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డు నెలకొల్పాడు. మీ అబ్బాయికి ఈ పేర్లన్నీ తెలిసే ఉంటాయి, మీరు కూడా తెలుసుకుని వాడితో మాట్లాడితే వాడు మీ మాట వింటాడు.

అయితే ఈ కథలు ఎంత నిజమో, వీటి వెనుక ఉన్న సంఖ్యలు కూడా అంతే నిజం. అమెరికాలో ఏటా సుమారు పది లక్షల మంది హైస్కూలు విద్యార్థులు ఫుట్‌బాల్ ఆడతారు. వారిలో కళాశాల క్రీడలను నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ కింద ఏదో ఒక స్థాయి కళాశాల జట్టులో చోటు దొరికేది సుమారు ఏడు శాతానికి. కళాశాలలో ఆడి డ్రాఫ్ట్‌కు అర్హులైనవారిలోనూ వృత్తి క్రీడకు వెళ్లేది సుమారు 1.6 శాతమని ఎన్‌సీఏఏ తానే అంచనా వేస్తోంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు, ఒక్కో జట్టులో 53 మంది, అందులో రిసీవర్లు సాధారణంగా ఐదారుగురు. అంటే దేశం మొత్తం మీద ఈ ఉద్యోగాలు రెండు వందలకు మించవు, ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో ఏటా ముప్పై మందికి అటూ ఇటూగా కొత్త రిసీవర్లు వచ్చి ఆ చోట్ల కోసం పోటీపడతారు. జస్టిన్ జెఫర్సన్ 2024లో నాలుగేళ్లకు 14 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న మాట వాస్తవమే. కానీ 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8,40,000 డాలర్లు, అది కూడా జట్టులో ఉన్నన్ని వారాలకే అందుతుంది. ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం సగటు వృత్తి జీవితం మూడేళ్ల పైచిలుకు మాత్రమే. పింఛను అర్హతకు కూడా మూడు సీజన్లు కావాలి. చాలామంది ఆ గీత దగ్గరే ఆగిపోతారు.

అందువల్ల నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆట మాన్పించవద్దు, అయితే ఖర్చులూ నిర్ణయాలూ ఎన్‌ఎఫ్‌ఎల్‌ను ఉద్దేశించి చేయవద్దు. ఈ ఆట మీ అబ్బాయికి ఇవ్వగలిగిన వాటిలో చేతికి అందేది మంచి కళాశాల చదువు. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు వీసా సంగతి. మీ అబ్బాయి హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వారి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్నాడు. ఆ హోదాలో చదువుకోవచ్చు, ఆడవచ్చు, స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. కానీ పనిచేసి సంపాదించడానికి అనుమతి లేదు. 2021 జూలై 1 నుంచి కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం వాడుకునే ప్రకటనల ద్వారా డబ్బు సంపాదించడానికి ఎన్‌సీఏఏ ఒప్పుకుంది; 2025 జూన్‌లో ఒక దావాలో కోర్టు ఆమోదించిన పరిష్కారంతో పెద్ద విశ్వవిద్యాలయాలు తమ ఆదాయంలో నుంచి నేరుగా క్రీడాకారులకు వాటా ఇవ్వడం మొదలుపెట్టాయి. ఈ అవకాశాలు తోటి ఆటగాళ్లకు ఉన్నట్టు మీ అబ్బాయికి ఉండవు. తెలియక ఒక దుకాణం ప్రకటనలో కనిపించి డబ్బు తీసుకున్నా అది అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించబడి, వాడి హోదాకే ముప్పు రావచ్చు. విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారినా ఈ ఇబ్బంది దాదాపు అలాగే ఉంటుంది.

ఇంకొక లెక్క చూడండి. హైస్కూలు పూర్తయి మూడేళ్లు గడిచాకే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు అర్హత వస్తుంది. పద్దెనిమిదో ఏట బడి ముగిస్తే అది ఇరవై ఒకటో ఏడు. సరిగ్గా ఇరవై ఒకటి నిండిన రోజే హెచ్-4 హోదా కూడా ముగుస్తుంది. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు దరఖాస్తులో పిల్లల వయసును లెక్కించడానికి వేరే చట్టం ఉంది, దాని ప్రకారం వాడికి ఎన్నేళ్లు మిగిలాయో ఒక మంచి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో ఈ ఏడాదే లెక్క వేయించండి. వృత్తి క్రీడాకారులకు పీ-1 వీసా ఉన్నది కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు చట్టపరంగా మూసుకుపోదు. కానీ పదహారేళ్ల వాడు ఈ తేదీలను ఇరవయ్యో ఏట హఠాత్తుగా తెలుసుకోవలసి రావడం అన్యాయం. నా దగ్గరకు వచ్చే కుటుంబాలలో చాలామంది పిల్లలకు ఈ విషయం చెప్పకుండా దాస్తారు. దయచేసి మీరు అలా చేయకండి. న్యాయవాదికిచ్చే ఒక గంట రుసుము శిబిరం రుసుము కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

చదువు విషయంలో నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ఎన్‌సీఏఏలో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూలులో 16 కోర్ కోర్సులు పూర్తిచేసి, వాటిలో నాలుగుకు కనీసం 2.3 జీపీఏ తెచ్చుకోవాలి. వాటిలో పదింటిని పన్నెండో తరగతి మొదలయ్యేలోపే ముగించాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిషు, గణితం, విజ్ఞానశాస్త్రాలలో ఉండాలి. టెక్సాస్‌లో అయితే సాధారణంగా ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే ఆడనివ్వరు. 1984లో వచ్చిన ఆ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. 2.3 అనేది మన ఇళ్లలో ఎవరూ మార్కుగా లెక్కపెట్టని అంకె అని నాకు తెలుసు. అయితే మీ అబ్బాయికి అసలైన బలం అక్కడే ఉంది.

కారణం చెబుతాను. పెద్ద విశ్వవిద్యాలయాల కోచ్‌లు ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వేరే కళాశాలల్లో ఇప్పటికే ఆడి నిరూపించుకున్న ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల ఆటగాళ్లను తెచ్చుకుంటున్నారు. దానికి తోడు, పైన చెప్పిన కోర్టు పరిష్కారాన్ని ఒప్పుకున్న కళాశాలల్లో ఫుట్‌బాల్ జట్టు 105 మందికి మించకూడదు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరి నెమ్మదిగా ఎదిగే హైస్కూలు పిల్లలకు అక్కడ దారి ఇరుకైంది. ఐవీ లీగ్‌లోని ఎనిమిది విశ్వవిద్యాలయాల సంగతి వేరు. అవి ఆ పరిష్కారంలో చేరలేదు, క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సహాయం చేస్తాయి. అక్కడి కోచ్‌లు మంచి మార్కులున్న ఆటగాడి కోసం నిజంగా వెతుకుతారు, ప్రవేశంలో వారి మాటకు విలువ ఉంటుంది. క్రీడా స్కాలర్‌షిప్‌లు లేని డివిజన్ 3లో షికాగో విశ్వవిద్యాలయం, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్కిన్స్, ఎంఐటీ వంటి సంస్థలకు కూడా ఫుట్‌బాల్ జట్లున్నాయి. ప్రిన్స్‌టన్‌లో రిసీవర్‌గా ఆడిన ఆండ్రే యోసివాస్ 2023 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండులో సిన్సినాటికి వెళ్లాడు. ఆ దారిలో వెళ్లినా కల చావదు, డిగ్రీ మాత్రం ఖాయంగా మిగులుతుంది. కాబట్టి ఇంట్లో చదువునూ ఆటనూ శత్రువులుగా నిలబెట్టకండి. వాడి గణితం మార్కే వాడిని మైదానంలోకి తీసుకువెళ్లగలదు.

మీ నాన్నగారి భయం గురించి చెప్పాలి. పెద్దవారి చాదస్తమని దాన్ని కొట్టిపారేయలేను. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు తెచ్చుకున్న ఇద్దరు రిసీవర్లు, విన్సెంట్ జాక్సన్ 38 ఏళ్ల వయసులో, డిమేరియస్ థామస్ 33 ఏళ్ల వయసులో 2021లో మరణించారు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరి మెదడులోనూ సీటీఈ అనే వ్యాధి రెండో దశలో ఉన్నట్టు గుర్తించారు. తలకు పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడిన ఈ వ్యాధిని మరణానంతరం మాత్రమే నిర్ధారించగలరు. ఒక్క పెద్ద దెబ్బ కంటే ఏళ్ల తరబడి పోగయ్యే దెబ్బల మొత్తమే ముఖ్యమని పరిశోధనలు చెబుతున్నాయి. బంతి దగ్గర వరుసగా నిలబడి ఢీకొనే లైన్ ఆటగాళ్లలా రిసీవర్‌కు ప్రతి ప్లేలోనూ తల తగలదు, కానీ తగిలినప్పుడు పూర్తి వేగంతో, చాలాసార్లు బంతి మీదే చూపు ఉన్న క్షణంలో తగులుతుంది.

టెక్సాస్‌లో 2011 నాటి చట్టం ప్రకారం కంకషన్ (తల దెబ్బతో మెదడు అదిరిపోవడం) అనుమానం వచ్చిన విద్యార్థిని ఆట నుంచి వెంటనే తప్పించాలి, అదే రోజు తిరిగి ఆడించకూడదు, వైద్యుడి లిఖితపూర్వక అనుమతి లేకుండా మళ్లీ మైదానంలోకి రానివ్వకూడదు. చట్టం బాగానే ఉంది, అయితే తలతిరుగుతోందని పిల్లవాడు నోరు తెరిచి చెబితేనే అది పనిచేస్తుంది. చెబితే జట్టులో చోటు పోతుందని పిల్లలు దాచుకుంటారు. తాతయ్యగారి భయాన్ని ఈ ఒక్క ఒప్పందంగా మార్చండి: తలకు దెబ్బ తగిలితే వాడు ఆ రోజే మీకు చెప్పాలి, చెప్పినందుకు మీరు ఆట మాన్పిస్తానని బెదిరించకూడదు. రెండో కంకషన్ వస్తే కొనసాగించాలా వద్దా అని నిపుణుడైన వైద్యుడి సమక్షంలో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలని ఇప్పుడే అనుకోండి. ఇది నా సొంత గీత. ఇంతకంటే కఠినంగా మీరు గీసుకున్నా నేను తప్పుపట్టను.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ సంగతి కూడా ఇంట్లో మాట్లాడుకోండి. ఢీకొట్టడం లేకుండా నడుముకు కట్టిన పట్టీని లాగి ఆపే ఈ ఆట 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉంది. రూట్లు నేర్చుకోవడానికీ, చేతుల పనికీ ఇది చక్కగా ఉపయోగపడుతుంది.

శిబిరాల విషయం త్వరగా ముగిస్తాను. పదో తరగతిలో, ఇంకా వర్సిటీ జట్టులోకి రాని పిల్లవాడికి వేల డాలర్ల ప్రదర్శన శిబిరాలు అవసరం లేదు. స్కూలు జట్టుతో కలిసి ఆడే వేసవి సెవెన్-ఆన్-సెవెన్ పోటీలు, వాడు చదవాలనుకునే ఒకటి రెండు కళాశాలలు తామే నడిపే ఒక్కరోజు శిబిరాలు చాలు. కోచ్‌లు ముందుగా చూసేది హడల్ అనే క్రీడా వీడియోల వెబ్‌సైటులో పెట్టే వీడియోనే, కాబట్టి వచ్చే ఏడాది వర్సిటీ ఆటల నుంచి మూడు నాలుగు నిమిషాల వీడియో తయారుచేసుకుంటే అది ఎక్కువ మేలు చేస్తుంది. అందులో బంతి పట్టిన ప్లేలతో పాటు వాడు చక్కగా అడ్డుకున్న ప్లేలు కూడా ఉండాలి.

ఆట ఆగిపోయాక ఏమిటని మీరు అడగలేదు, కానీ మీ మనసులో ఉండే ఉంటుంది. భారతీయ మూలాలున్న సంజయ్ లాల్ కళాశాలలో రిసీవర్‌గా ఆడి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడకపోయినా, జెట్స్, కౌబాయ్స్, సీహాక్స్ వంటి జట్లలో రిసీవర్ల కోచ్‌గా ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఆటగాళ్ల భుజ కవచాల్లోని చిప్‌లు వాళ్ల కదలికలను సెకనుకు పదిసార్లు నమోదు చేస్తాయి. ఆ సమాచారంతో ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా బిగ్ డేటా బౌల్ అనే విశ్లేషణ పోటీ నడుపుతుంది, విద్యార్థులు కూడా అందులో పాల్గొనవచ్చు. రూటు ఎందుకు విఫలమైందో మైదానంలో అనుభవించిన పిల్లవాడికి ఆ లెక్కలు మరింత బాగా అర్థమవుతాయి.

ఈ నెలలోనే మూడు చోట్లకు వెళ్లిరండి. న్యాయవాది దగ్గర వాడి ఇరవై ఒకటో పుట్టినరోజు లెక్క తేల్చుకోండి. స్కూలు కౌన్సెలర్ దగ్గర ఎన్‌సీఏఏ గుర్తించిన కోర్ కోర్సుల జాబితాతో వాడి పదకొండో తరగతి సబ్జెక్టులను సరిచూడండి. ఆ తర్వాత కోచ్‌ను కలిసి, మీ అబ్బాయిని పక్కనే కూర్చోబెట్టుకుని, "వీడు ఏ స్థాయి కళాశాలలో ఆడగలడని మీకు అనిపిస్తోంది?" అని అడగండి. ఆయన చెప్పే స్థాయిలో ఉన్న అయిదు కళాశాలల పేర్లు వాడి చేతే రాయించి, ఏం తేలిందో నాకు మళ్లీ రాయండి.