గోడ మీద చార గురించి ఎవరూ మాట్లాడొద్దు

అమ్మాయీ,

నీ ఇరవై నిమిషాల టీవీ నాటిక చదివాను. అన్నదమ్ముల గొడవకి విజయవాడ సింగ్‌నగర్ ఇల్లు ఎంచుకోవడం బాగుంది. కానీ పంజరంలో చిలక, పగిలిన అద్దం, రెపరెపలాడే దీపం... ఇన్నెందుకమ్మా? దీపం ఆరగానే ఇంట్లో పెద్దాయన పోయాడని తెలుసుకునే రోజులు పోయాయి.

అసలు సరుకు నీ మూడో సీన్‌లోనే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు ఇంట్లోకొచ్చి గోడ మీద వదిలి వెళ్లిన చార. ఒక్క ముక్క రాసి వదిలేశావు. దాన్ని పట్టుకో. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు అన్న ఖాతాలో పడ్డాయి, ఖర్చయిపోయాయి. గోడకి మాత్రం రంగు పడలేదు. ఒకరోజు తమ్ముడు పెయింటు డబ్బా తెచ్చి హాల్లో పెట్టి, ఏమీ అనకుండా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడనుకో. డబ్బులేం చేశావని నిలదీసినట్టే కదా! ముందు ఆ వస్తువు ఇంట్లో తగువు పెట్టాలి, అర్థం దాని వెనకే వస్తుంది.

"మన మనసుల్లోనూ మరక పడిందన్నయ్యా" అన్న డైలాగు కొట్టెయ్. ముద్దుగా రాసుకున్నావని తెలుసు, అయినా కొట్టెయ్. రేడియో నాటకంలో అయితే చారని నోటితో చెప్పక తప్పదు. 1948లో మొదలైన మన విజయవాడ కేంద్రం నాటకాలు వింటూ పెరిగిన మాకు ఆ అలవాటు పోదు. నీకు కెమెరా ఉందిగా!

చారని మొదటి రెండు నిమిషాల్లోనే, ఎవరికీ పట్టనట్టు చూపించు. పిల్లాడు దాని పక్కన నిలబడి ఎత్తు కొలుచుకుంటే సరిపోతుంది. క్లోజప్ ఒక్కసారే. వయొలిన్ వద్దని మ్యూజిక్ కుర్రాడికి ముందే చెప్పు.

భోజనాల సీన్‌లో అరుపులు తీసెయ్. వదిన అందరికీ గోంగూర వడ్డించి, మరిది దగ్గరకొచ్చేసరికి "మీకు కారం పడదుగా" అని గిన్నె మీద మూత పెట్టేస్తే టెన్షన్ దానంతటదే వస్తుంది. అతనికి కారం పడుతుందని మనకి ముందే తెలిసుండాలి, అది మర్చిపోకు.

చివర్లో రంగు ఎవరేస్తారో నువ్వే తేల్చుకో. సగం గోడ వేసి ఆపడం మాత్రం వద్దు, అది మరీ అతితెలివి. తిరగరాశాక ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో నేను చదవలేను.

మీ బాబాయి