పాత సినిమా హాలుని కళాకేంద్రంగా మార్చాలంటే ముందు తెర వెనక్కి వెళ్ళి చూడండి

మూతపడిన సింగిల్ స్క్రీన్ థియేటర్ ఒకటి ఉంది, చుట్టుపక్కల వాళ్ళమంతా కలిసి దాన్ని కళాకేంద్రంగా మార్చాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి, మొత్తం డబ్బు సమకూరేదాకా ఆగాలా అని అడిగారు. ఇలాంటి పనిలోనే నేను వాలంటీర్‌గా చేరి, తర్వాత కమిటీలో ఉండి, హాలు తెరుచుకున్నాక బుకింగులు కూడా చూసుకున్నాను. అందుకే కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ఇలాంటి పని అనగానే అందరూ సీట్ల గురించీ, ముందువైపు ముఖద్వారం గురించీ మాట్లాడతారు. మా మొదటి మీటింగులన్నీ అలాగే నడిచాయి. మీరు మాత్రం తాళం తీయించిన రోజే తిన్నగా తెర వెనక్కి వెళ్ళండి. చాలా హాళ్ళలో అక్కడ స్పీకర్లు పట్టేంత సందు, దాని వెనక గోడ, అంతే ఉంటుంది. సినిమా హాలు చూసేవాళ్ళ కోసం కట్టిన భవనం. నటులు రీలు డబ్బాలో వచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళకి బట్టలు మార్చుకునే గది, బాత్రూమ్, వింగ్స్ (వేదికకి రెండు పక్కలా జనానికి కనబడకుండా నిలబడే చోటు), సెట్టు సామాను లోపలికి తెచ్చే వెడల్పాటి తలుపు, ఇవేవీ అవసరం పడలేదు. కళాకేంద్రానికి మొట్టమొదట కావలసినవి అవే. అమెరికాలో 1920ల నాటి పెద్ద సినిమా ప్యాలెస్‌లలో సినిమాతో పాటు ఆటపాటలు కూడా ఉండేవి కాబట్టి ఎంతో కొంత వేదిక ఉండేది, అయినా అది చాల్లేదు. పిట్స్‌బర్గ్‌లో 1927లో సినిమా హాలుగా తెరిచిన భవనాన్ని 1971లో హైన్జ్ హాల్ పేరుతో సంగీత వేదికగా మార్చినప్పుడు వెనకవైపు కొత్త భాగం కట్టి వేదికనీ డ్రెస్సింగ్ గదులనీ పెంచాల్సి వచ్చింది.

మాకు వెనక స్థలం లేదు. అందుకని ముందు వరసలు కొన్ని తీసేసి వేదికని హాల్లోకి జరిపాం. సీట్లు తగ్గిపోతున్నాయని పెద్ద వాదనే జరిగింది. నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: హాలు పూర్తిగా నిండే రోజులు ఏడాదిలో కొన్నే ఉంటాయి, వేదిక చాలకపోతే మాత్రం ఆ ఇబ్బంది ప్రతి కార్యక్రమంలోనూ కనిపిస్తుంది. తెరని పైకి చుట్టుకునేలా పెట్టాం కాబట్టి సినిమాలు వేసుకోవడానికీ అడ్డు రాలేదు. పక్కనున్న స్టోర్ రూమ్‌ని గ్రీన్ రూమ్ చేసి, దానికి ఆనుకునే బాత్రూమ్ కట్టించాం. ఖర్చు పెట్టినవాటిలో అందరూ ఎక్కువ మెచ్చుకున్నది దాన్నే, ఎందుకంటే మేకప్ వేసుకున్న పిల్లలు జనం మధ్యలోంచి నడిచి వెళ్ళాల్సిన అవసరం పోయింది.

ఇంకోటి, వేదిక మీద పాదాలు కనబడతాయా లేదా చూసుకోండి. సినిమా తెర కింది అంచు ఎత్తులో ఉంటుంది, నేల వాలు దానికి సరిపోయేంతే ఇస్తారు. డాన్సర్ పాదాలు తెర కంటే చాలా కింద ఉంటాయి, మధ్య వరసలో కూర్చున్నవాళ్ళకి ముందువాళ్ళ తలలే కనబడతాయి. పరీక్ష సులువు: ఒకరు వేదిక మీద నిలబడాలి, ఒకరు పొడుగాటి మనిషి వెనక కూర్చోవాలి, ఏం కనబడుతోందో చెప్పాలి. సీట్లు ఆర్డర్ చేసేముందే ఇది అయిపోవాలి, ఎందుకంటే దీన్నిబట్టే వాలు నేలని అలాగే ఉంచాలా, మెట్లు మెట్లుగా కట్టాలా, లేదా మొత్తం చదును చేసి మడిచే సీట్లు పెట్టాలా అన్నది తేలుతుంది. చదును చేస్తే ఉదయం పూట క్లాసులకీ వర్క్‌షాపులకీ పనికొస్తుంది కానీ ఖర్చు బాగా ఎక్కువ. వేదిక మీద కాంక్రీటుపై నేరుగా కార్పెట్ పరిచి డాన్స్ చేయించకండి. కింద గాలి ఆడేలా కర్రలు వేసి, వాటిపై చెక్క నేల వేయించాలి, లేకపోతే మోకాళ్ళూ పిక్కలూ దెబ్బతింటాయి.

సౌండ్ విషయంలో చాలామంది "ఇది సినిమా హాలు కదా, సౌండ్ బాగానే ఉంటుంది" అనుకుంటారు. సినిమాకి కావలసిన ప్రతిధ్వని రికార్డింగులోనే ఉంటుంది కాబట్టి హాలు తనవైపు నుంచి ఏమీ కలపకుండా గోడలకీ పైకప్పుకీ శబ్దాన్ని పీల్చే సరుకు వేస్తారు. మాటలకి, నాటకానికి అది బాగానే ఉంటుంది. మైకు లేకుండా పాడేవాళ్ళకీ, వయొలిన్ లాంటి వాద్యాలకీ మాత్రం గొంతు ఎక్కడో ఇంకిపోయినట్టుంటుంది. పాశ్చాత్య వాద్యబృందాల కోసం కట్టిన మంచి సింఫనీ హాళ్ళలో శబ్దం దాదాపు 2 సెకన్ల పాటు నిలుస్తుంది, సినిమా హాల్లో సాధారణంగా 1 సెకను కూడా ఉండదు. మీ దగ్గర ఎక్కువగా జరగబోయేది సంగీతమా నాటకమా అని తేల్చుకున్నాకే గోడల మీద చెయ్యి వేయండి. రెండూ కావాలంటే గోడల మీద తీసి పెట్టుకునే మందపాటి బట్ట తెరలు వేలాడదీయించండి, మేం అదే చేశాం.

ప్రొజెక్టర్ గదిని పడగొట్టొద్దు. 1950ల మొదటి వరకు నైట్రేట్ ఫిల్ము వాడేవాళ్ళు, అది ఇట్టే అంటుకుంటుంది. అందుకే ఆ కాలపు హాళ్ళలో ఆ గది గోడలు మందంగా, కిటికీలు చిన్నగా, మంట వస్తే వాటంతట అవే పడే ఇనుప మూతలతో ఉంటాయి. లైట్ల కంట్రోల్‌కి అది చక్కటి చోటు. సౌండ్ మిక్సర్ మాత్రం అందులో పెట్టొద్దు. అద్దం వెనక కూర్చున్నతనికి హాల్లో ఏం వినబడుతోందో తెలియదు, అతను జనం మధ్యలోనే ఉండాలి.

పైకప్పు, వైరింగ్, ఆస్బెస్టాస్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మూడూ నిపుణులకి వదిలేయండి. పాత రేకులు, సీలింగ్ పలకలు పరీక్ష చేయించకుండా వాలంటీర్లతో పీకించకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. పైనున్న ట్రస్సులు (కప్పుని మోసే చట్రాలు) ఆ కప్పు బరువుకి లెక్కకట్టినవి, లైట్ల రాడ్లు వేలాడదీసేముందు స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం తీసుకోండి.

ఇక డబ్బు మొత్తం వచ్చేదాకా ఆగాలా అంటే, ఆగొద్దు. ఆగితే ఉత్సాహం చల్లారిపోతుంది, భవనమూ ఇంకా పాడవుతుంది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లోని కింగ్స్ థియేటర్ 1929లో తెరిచింది, 1977లో మూతపడింది, మళ్ళీ జనం లోపలికి వెళ్ళింది 2015లో. మీరు కప్పు కారకుండా చేయించి, కరెంటు, బాత్రూములు, బయటికి దారులు సరిచేయించి, కావలసిన అనుమతులు తీసుకుని ముందు లాబీ ఒక్కటి తెరవండి. పోస్టర్లు అంటించిన ఆ గోడలే పెయింటింగుల ప్రదర్శనకి సరిపోతాయి. సాయంత్రాలు చిన్న కచేరీ, కథలు చదవడం, పిల్లలకి డ్రాయింగ్ క్లాసు పెట్టుకోవచ్చు. లోపల పని జరుగుతుండగానే జనానికి అక్కడికి రావడం అలవాటవుతుంది, విరాళం అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

కట్టడానికి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, వాచ్‌మన్ జీతానికీ కరెంటు బిల్లుకీ ఇచ్చేవాళ్ళు దొరకరు. అందుకని వారాంతపు కార్యక్రమాల కంటే ముందు, సోమవారం నుంచి శుక్రవారం వరకు నెలనెలా అద్దె కట్టే డాన్స్ మాస్టారు, సంగీతం టీచరు, నాటక బృందం ఎవరున్నారో పేర్లతో సహా రాసుకోండి. ఆ పేజీ ఖాళీగా ఉంటే రిపేర్లు మొదలుపెట్టకండి.

భవనం వేరేవాళ్ళదైతే లీజు విషయంలో గట్టిగా ఉండండి. మీరు వేదిక కట్టి, గదులు కట్టి, కప్పు బాగుచేశాక ఆ స్థలం విలువ పెరుగుతుంది, అప్పుడు ఓనర్‌కి వేరే ఆలోచనలు రావచ్చు. దీర్ఘకాలం లీజు, మీరు పెట్టిన ఖర్చుకి అద్దెలో మినహాయింపు, అమ్మాలనుకుంటే ముందు మీ ట్రస్టుకే చెప్పాలన్న షరతు, ఈ మూడూ రిజిస్టర్ అయిన కాగితం మీద ఉండేలా లాయర్‌తో రాయించి, ఆ తర్వాతే మొదటి సీటు విప్పండి.