మందులు వాడుతున్నా మెడలో కొత్త గడ్డలు లేస్తున్నాయెందుకు?

ప్రశ్న: నా వయసు 27. మెడ కుడివైపు గడ్డ కడితే సూదితో పరీక్ష చేసి టీబీ అన్నారు. సీబీనాట్‌లో (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని తేలింది. మందులు ఒక్కరోజూ మానలేదు. గడ్డ సగానికి తగ్గింది. రెండు నెలలయ్యాక మాత్రలు మార్చారు. మూడు వారాలకే పాత గడ్డ మళ్లీ ఉబ్బింది, పక్కన ఇంకో రెండు లేచాయి. జ్వరం లేదు, మూడు కిలోలు బరువు పెరిగాను. ఆపరేషన్ చేయించుకోమని ఇంట్లో అంటున్నారు. నాలుగేళ్ల బాబును పక్కన పడుకోబెట్టుకోవచ్చా? గర్భం రాకుండా మాత్రలు కూడా వాడుతున్నాను.
- ఓ సోదరి, నల్గొండ

జవాబు: మందు పనిచేయడం లేదని టెన్షన్ పడకండి, మానేయకండి. లింఫు గ్రంథుల టీబీలో మధ్యలో ఇలా ఉబ్బడం మేం తరచూ చూసేదే. టీబీ క్రిములు చచ్చినా వాటి ముక్కలు గ్రంథిలో మిగిలిపోతాయి. జబ్బుతో నీరసించిన రోగనిరోధక శక్తి మందులతో కోలుకుని వాటి మీద విరుచుకుపడుతుంది. ఆ గొడవకే గడ్డ ఉబ్బుతుంది, కొత్తవీ బయటపడతాయి. జ్వరం లేకపోవడం, బరువు పెరగడం మంచి సూచనలు. మాత్రలు మార్చడం వల్ల వచ్చిందీ కాదు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు మందులు ఇవ్వడం అందరికీ ఉండే పద్ధతే.

అలాగని ఇంట్లోనే కూర్చోవద్దు. ఈ వారమే డాక్టరుకు మెడ చూపించండి. మీకు చేసిన సీబీనాట్ క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో మాత్రమే చెబుతుంది, మరో ముఖ్యమైన టీబీ మందు ఐసోనియజిడ్ సంగతి చెప్పదు. గడ్డలు పెరుగుతూనే ఉంటే మళ్లీ సూదితో తీసి, క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపాలి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. సీబీనాట్ మళ్లీ చేయించి పాజిటివ్ వచ్చిందని హడలిపోయేవాళ్లున్నారు. అది చచ్చిన క్రిమినీ పట్టుకుంటుంది.

ఇక ఆపరేషన్. టీబీ గడ్డను కోస్తే గాయం మానకుండా నెలల తరబడి చీము కారే ప్రమాదం ఉంది. దవడ కింద ముడతపడ్డ మచ్చతో, చీము అంటిన చున్నీ మెడకు చుట్టుకుని మా ఓపీకి వచ్చేవాళ్లను అడిగితే, ఎక్కడో కోయించుకున్నామనో, ఆకు పసరు కట్టించుకున్నామనో చెబుతారు. లోపల చీము చేరి చర్మం పల్చబడితే పక్కనున్న మంచి చర్మంలోంచి సూది దించి లాగేస్తాం. వాపు మరీ బాధిస్తే కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇస్తాం, కానీ ఆ నిర్ణయం డాక్టరుదే. మందుల షాపులో అడిగి వేసుకోకండి. కోర్సు అయ్యాక శనగగింజంత గడ్డ మిగిలి, పెరగకుండా ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. తగ్గడం ఆలస్యమైతే కోర్సు పొడిగించాలో లేదో మీ డాక్టరే చెబుతారు.

మూత్రం నారింజరంగులో వస్తే భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.

బాబు సంగతి: మెడ గ్రంథులకే పరిమితమైన టీబీ అంటదు. పక్కన పడుకోబెట్టుకోండి, ముద్దు పెట్టుకోండి, కంచాలు వేరు చేయనక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోకపోయి ఉంటే మాత్రం తీయించండి. ఊపిరితిత్తుల్లోనూ ఉంటే లెక్క వేరు. అసలు మీకిది ఎవరి దగ్గరి నుంచో వచ్చిందే కదా! ఇంట్లో రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లుంటే ముందు వాళ్ల కఫం పరీక్ష చేయించండి.

చివర్లో మీరు మాటవరసకు రాసిన గర్భనిరోధక మాత్రల విషయం నాకు గడ్డల కంటే ముందు తొందరపడాల్సిందిగా కనిపిస్తోంది. రిఫాంపిసిన్ వాటి పనిని దెబ్బతీస్తుంది. టీబీ మందులు మొదలైన రోజు నుంచీ మీరు వాటినే నమ్ముకుని ఉంటే, నెలసరి తప్పిందేమో చూసుకుని అనుమానముంటే పరీక్ష చేయించుకోండి. ఇకపై కండోమో, కాపర్-టీయో ఏది మీకు కుదురుతుందో డాక్టరును అడగండి. రిఫాంపిసిన్ ఆపేశాక కూడా నాలుగు వారాలు ఆ జాగ్రత్త కొనసాగించాలి.