నాలుగో పేజీలో కారిన ఆయిల్

నార్కట్‌పల్లి,
ఆదివారం

తమ్ముడూ,

నీ కథ అందింది. మొదటిసారి నాలుగో పేజీ దాకా వచ్చి, కోపమొచ్చి పక్కన పడేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీసి చివరిదాకా చదివాను. కోపం మాత్రం తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ నాలుగో పేజీలో ఏం రాశావో చూడు. "ముసలి పికప్ గేర్‌బాక్స్ నల్లటి కన్నీరు కారుస్తోంది. మెకానిక్ నాలుగు బోల్టులు బిగించి పైన ఇంత లప్పం పెట్టాడు. బండి కన్నీరు ఆగింది, రైతు కన్నీరు ఆగలేదు."

నల్లటిదని ఎవరు చెప్పారు నీకు? గేర్ ఆయిల్ కొత్తగా పోసినప్పుడు తేనెరంగులో ఉంటుంది. పాతబడితే ముదురుతుంది గానీ డీజిల్ ఇంజన్ ఆయిల్‌లాగా కాటుకై పోదు. అనుమానం ఉంటే ఒక చుక్క వేలికి రాసుకుని వాసన చూడాలి. ఎల్లిగడ్డ కుళ్లినట్టు గంధకం కంపు కొడితే అది గేర్ ఆయిల్, మేం తొంభై నంబర్ అనేది. ఆ కంపు లేకుండా ఉత్త నలుపే ఉంటే ఇంజన్ వెనక ఆయిల్‌ను ఆపే సీలు పోయినట్టు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట బెల్ హౌసింగ్ ఉంటుంది చూడు, లోపల ఏ సీలు పోయినా దాని అడుగు నుంచే చుక్క పడుతుంది. రెండింటిలో ఏది పోయినా గేర్‌బాక్స్ కిందికి దించాల్సిందే, ఒక రోజు పని. నీ మెకానిక్ వాసన కూడా చూడకుండా పానా పట్టి అయిదు నిమిషాల్లో లేచాడు.

ఇక ఆ లప్పం. షాఫ్ట్ గేర్‌బాక్స్ లోంచి బయటికి వచ్చేచోట రబ్బరు సీలు ఉంటుంది. సన్నటి స్ప్రింగు దాని పెదవిని తిరిగే ఇనుముకు ఒత్తి పట్టుకుంటుంది. అక్కడ లప్పం తిరిగేదానికి పెట్టాడా, తిరగనిదానికి పెట్టాడా? జిడ్డు మీద అసలు పట్టుకుంటుందా?

పదో తరగతి తప్పాక నేను ఇక్కడే హైవే పక్క షెడ్డులో నాలుగేళ్లు పని చేశాను. అప్పట్లో ఆ రోడ్డు తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65. విజయవాడ నుంచి వచ్చే లారీలు, దేవరకొండ వైపు నుంచి బత్తాయి వేసుకొచ్చే బండ్లు అన్నీ ఆగేవి. ఆయిల్ కారుతోందని ఏ బండి వచ్చినా మా ఉస్తాదు పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు. "కడుగురా" అనేవాడు. డీజిల్, పాత బ్రష్షు ఇచ్చి బండి కిందికి తోసేవాడు. ఏళ్ల నాటి జిడ్డు, దాని మీద అంగుళం మందం మట్టి. అదంతా గీకి, కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక గేర్‌బాక్స్ చుట్టూ సుద్దపొడి చల్లాలి. సుద్ద దొరక్కపోతే ఉస్తాదు ఇంట్లోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా వచ్చేది, దాంతోపాటు ఆయన భార్య తిట్లు కూడా. అప్పుడు డ్రైవర్‌ను చిట్యాల దాకా పోయి రమ్మనేవాడు.

బండి తిరిగొచ్చాక కిందికి దూరి టార్చి వేస్తే తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత కనపడేది. ఆ గీత వెంట పైకి, ముందుకు పోవాలి. బండి ఉరుకుతుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. వెనక సీలు తడిసింది కదా అని సీలు మారిస్తే డబ్బులు దండగ. ఒక బండికి అట్లా రెండు సీళ్లు మార్పించుకుని వచ్చారు. మేం కడిగి చూస్తే గేర్ రాడ్ కింద మూత ప్యాకింగ్ చిరిగి, అక్కడి నుంచి కారి వెనక దాకా పాకుతోంది. ఇంకో బండికి మీటరు కేబులు బిగించేచోట, మరో దానికి డ్రెయిన్ ప్లగ్ కింద రాగి వాషర్ దగ్గర. చుక్క పడేది ఒకచోట, పుట్టేది ఇంకోచోట.

నేను రాయడం నేర్చుకున్నది అక్కడే అంటే నవ్వుతారు. నవ్వనీ. నీ కథకు కూడా కడుగుడే కావాలి. మూడు పేజీల్లో ఆ పికప్‌ను ముసలి ఎద్దుతో నాలుగుసార్లు పోల్చావు, తల్లితో ఒకసారి, తెలంగాణ తల్లితో ఇంకోసారి. అది బండిలాగా ఒక్కసారీ కనపడలేదు. ఆ కన్నీళ్లు, గుండెలు, నెత్తుటి బొట్లు అన్నీ గీకి పారెయ్. సగం పేజీ మిగిలినా సరే, అందులో తడి ఎక్కడ ఉందో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు ఇట్లా పూసి రాయడమే ఫ్యాషన్ అని తెలుసు. బహుమతులు కూడా వాటికే ఇస్తున్నారు. ఇవ్వనీ.

నా మొదటి కథ కూడా షెడ్డు కథే. ఒక వారపత్రికకు పంపితే ఎడిటర్ గారు వేశారు, కానీ "ఆయిల్ సీల్" అన్నచోటల్లా "చమురు ముద్ర" అని దిద్దారు. ఉస్తాదు పోరణ్ణి పిలిచి "ఆ చమురు ముద్ర ఇటు అందించు" అంటాడు! షెడ్డులో చదివి వినిపిస్తే పోరగాళ్లు నెల రోజులు నన్ను ముద్రా ముద్రా అని పిలిచారు. నేను ఉత్తరం రాస్తే జవాబుగా ఒక కార్డు వచ్చింది. మీ వైపు రాసేవాళ్లే తక్కువ, అచ్చయినందుకు సంతోషించమని. తెలంగాణలో కవులు లేరన్న మాట వెనకట ఒకరంటే, మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను పోగేసి అచ్చేసి చూపించాడు. నాకు అంత ఓపిక లేదు. కార్డు చింపి స్టవ్వు ముట్టించాను. నలభై ఏళ్లయినా ఆ ముద్ర కోపం పోలేదు, ఏం చేయను.

నువ్వు మాత్రం పానాను పానా అనే రాశావు. అది బాగుంది.

సీలు మార్చడం కూడా నువ్వు రాసినంత తేలిక పని కాదు. ఒకసారి వెనక సీలు నేనే మార్చాను, ఒంటరిగా, మొదటిసారి. పాత ఆయిల్ వదలక ముందే పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకున్నాను (అది తుప్పుపట్టి రాకపోతే గేర్‌బాక్స్ ఖాళీ చేసుకుని కూర్చోవడమే). గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు, మళ్లీ అట్లాగే కలపాలని దాని మీద గుర్తు గీసుకున్నాను. కొత్త సీలు పెదవికి ఆయిల్ రాశాను, వంకర పోకుండా చెక్క ముక్క అడ్డం పెట్టి చుట్టూ సమంగా కొట్టాను. పక్క ప్లగ్ నుంచి బొట్లు రాలే దాకా ఆయిల్ పోసి మూశాను. మూడో రోజు బండి మళ్లీ వచ్చింది, కారుకుంటూ.

ఉస్తాదు తిట్టలేదు. షాఫ్ట్ విప్పించి, యోక్ (సీలులో తిరిగే షాఫ్ట్ చివరి ముక్క) నున్నటి భాగం గుడ్డతో తుడిచి, "కళ్లు మూసుకుని గోరుతో గీకు" అన్నాడు. కంటికి అద్దంలా మెరుస్తోంది. గోరు మాత్రం ఒకచోట తట్టుకుంది. చుట్టూతా వెంట్రుక మందం గాడి. పాత సీలు పెదవి ఏళ్ల తరబడి అదే చోట రాసుకుని ఇనుమును తిన్నది. రబ్బరు ఇనుమును తింటుందని నాకు ఆ రోజే తెలిసింది. కొత్త సీలు పెదవి పోయి ఆ గాడిలోనే కూర్చుంది, ఇక ఎందుకు ఆగుతుంది? ఉస్తాదు ఇంకో సీలు తీసుకుని బియ్యపు గింజ మందం వెలుపలికి ఉండేట్టు కొట్టాడు. పెదవి గాడి తప్పి కొత్త ఇనుము మీద కూర్చుంది. గాడి ఇంకా లోతుగా ఉంటే యోక్ మార్చాల్సి వచ్చేది.

మీ రైతు బండి ఎందుకు కారుతోందో నీకు తెలియదు. కానీ నీ కథకు తెలుసు. రెండో పేజీలో తోట దారి ఎర్రమట్టి దుమ్ము గురించి రాశావు, బండి కింద మోకాలి లోతు లేస్తుందని. గేర్‌బాక్స్ మీద బ్రీదర్ అని చిన్న గొట్టం ఉంటుంది, లోపల వేడెక్కిన గాలి బయటికి పోవడానికి. ఆ మట్టి జిడ్డుతో కలిసి దాన్ని మూసేస్తే గాలికి దారి ఉండదు, సీలు పెదవి ఎత్తి ఆయిల్‌ను నెడుతుంది. ఎన్ని సీళ్లు మార్చినా అంతే. అదే పేజీలో టన్నున్నర పాసింగ్ బండిలో రెండున్నర టన్నుల బత్తాయి ఎక్కించాడని కూడా రాశావు. ఆ బరువుకు షాఫ్ట్ జాయింట్ క్రాసులు అరిగి ఊగితే సీలు నిలుస్తుందా? అంత బరువు ఎందుకు ఎక్కించాడో, రెండు ట్రిప్పుల కిరాయి గిట్టుబాటు కాక ఎక్కించాడో, అది నువ్వు రాయాలి. కథ అక్కడుంది. నువ్వు కన్నీళ్ల దగ్గర కూర్చున్నావు.

ఇంకొకటి. నీ మెకానిక్ ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరాడు. స్టాండ్లు లేవు, చక్రాలకు రాళ్లు లేవు. మా షెడ్డులో అట్లా జాకీ జారి నాతోటి పోరగాడి మోకాలు నలిగింది. ఇప్పటికీ కుంటుతాడు. కథలో అయినా సరే, రాళ్లు పెట్టించు.

పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరితో రాయించాలి, ఏ పోటీకి పంపాలి అని అడిగావు. అవి ఇంకోసారి.

ఒక్క చోట మాత్రం నేను ఆగిపోయాను. తల్లి రాత్రిపూట బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున లేచి చాయ్ పెట్టకముందే చుక్కలు లెక్కపెట్టుకోవడం. నిన్న ఏడు, ఇవాళ పదకొండు. అది ఎక్కడ చూశావు? మీ ఇంట్లోనా? దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. ఆ అట్టముక్క కథ చివరి దాకా రావాలి.

వచ్చే ఆదివారం పాత బట్టలు వేసుకుని రా. ఉస్తాదు లేడు, కొడుకు నడుపుతున్నాడు షెడ్డు. ఒక పాత పికప్ గేర్‌బాక్స్ దించి పెట్టాడు, కిందికి దూరి చూద్దువు గానీ.

కథ వాపసు పంపుతున్నాను. నాలుగో పేజీ మీద మరక చాయ్ది. అనుమానం ఉంటే వాసన చూసుకో.

మీ అన్న