నవల రాస్తున్నావటగా

అమ్మలూ,

నువ్వు నవల రాస్తున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. ఆ తర్వాత కథ చెప్పింది. ఇద్దరు స్నేహితురాళ్లు, మధ్యలో అసూయ, అందులో ఒకమ్మాయికి జరగబోయేవి ముందే కళ్ల ముందు కనపడటం. అప్పట్నుంచి నాకు టెన్షన్. నువ్వూ మీ రూమ్మేటూ ఇంటర్ నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. మొన్న ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది, నీకు రాలేదు. వెంటనే ఈ కథ! పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

రోజూ కాస్తయినా రాయి. అర్ధరాత్రి దాకా మేలుకోకు. రాసింది రెండు చోట్ల దాచుకో. ఇవి ఎవరైనా చెప్పేవే.

నేను బెజవాడ గవర్నర్‌పేటలో ప్రూఫులు దిద్దే రోజుల్లో వారపత్రికల్లో చేతబడులూ పునర్జన్మలూ జోరుగా నడిచేవి. మా వీధిలో ఒకావిడ అలాంటి సీరియలే రాసేది. మంచి చెయ్యి. కానీ కథలో కుళ్లుబోతు పాత్రకు తన స్నేహితురాలినే దించేసింది. ఆ స్నేహితురాలికి ఒక అలవాటుండేది. పిండి కలిపే ముందు గాజులు తీసి కిటికీ గట్టు మీద పెట్టేది. అది కూడా ఉన్నదున్నట్టు రాసేసింది. ప్రూఫులో చూసి, "అక్కా, మార్చండి, ఎవరో తెలిసిపోతోంది" అన్నాను. "ఆవిడ పత్రికలు చదువుతుందా ఏంటి" అని నవ్వేసింది.

ఆవిడ చదవలేదు. భోజనాలయ్యాక కోడలు చదివి వినిపించింది. గొడవేమీ పడలేదు. వరలక్ష్మీ వ్రతానికి ఎప్పట్లాగే వచ్చి బూరెల పిండి కలిపింది, గాజులు తియ్యకుండా. గాజుల సందుల్లో పిండి ఎండిపోయినా కడుక్కోలేదు. తాంబూలం తీసుకుని వెళ్లింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇంత చేసీ నవలైనా నిలబడిందా? అదీ లేదు. ఆ సీరియల్లో దీపంలో ఏది కనపడితే అది అచ్చంగా జరిగేది, స్నేహితురాలు మొదటి వారం నుంచే చెడ్డది. వచ్చే వారం ఏమవుతుందో పాఠకులే ఉత్తరాల్లో రాసి పంపేవాళ్లు.

అందుకే చెప్తున్నా, ఆ పిల్లను కథలోకి లాగకు. అసూయను ఆ దృశ్యాలు కనపడే అమ్మాయికే పెట్టు. స్నేహితురాలు ఘాట్ మెట్ల మీద జారిపడినట్టు దానికి కనపడుతుంది. అది జరగబోయేదా, లేక తన మనసు కోరుకుంటున్నదా? దానికే తెలియకూడదు. చెప్తే ఓర్వలేక అపశకునం పలుకుతోందంటారు. చెప్పకపోతే ఏమవుతుందోనని నిద్రపట్టదు. సస్పెన్స్ అంతా అక్కడుంది. కనపడేది కూడా మొత్తం చూపించకు. తడిసిన మెట్టు, తెగిన చెప్పు, అంతే. ఆ చెప్పు ఎవరిదో దానితోపాటు పాఠకుడూ పొరబడాలి. ఎప్పుడు కనపడుతుంది, కనపడ్డాక ఒంట్లో ఏమవుతుంది అన్నది మొదట్లోనే అనుకో. చివర్లో నీ అవసరం కొద్దీ మార్చావో, ఊరుకోను.

నెల కూడా చూసుకో. పద్మావతి ఘాట్ కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి దిగువన ఉంది, ఎండాకాలంలో అక్కడ ఇసుకే. మే నెలలో అక్కడ ఎవరినీ ముంచకు, బెజవాడ వాళ్లు నవ్వుతారు. ఎగువనైతే 12 అడుగుల నీటిమట్టం నిలుపుతారు కాబట్టి దుర్గా ఘాట్ పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకు గుద్దుకోవడం ఊరంతా చూసింది. అలాంటిది కథలో పెడితే తేదీ తప్పకూడదు. చూడాలని ఒక్కదానివే చీకటిపడ్డాక ఘాటుకు వెళ్లకు. నవల కోసం అయినా సరే, వద్దు.

అచ్చు సంగతి తర్వాత. రాసిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. దానికి వేలు అడిగేవాళ్లుంటారు, ఒక్క రూపాయి ఇవ్వకు.

జనవరిలో పుస్తకాల పండక్కి ఎటూ వస్తావుగా. మొదటి మూడు అధ్యాయాలు ప్రింటు తీసి పట్టుకురా, ఫోన్లో చదవడం నావల్ల కాదు. వరసల మధ్య చోటు బాగా వదులు. దిద్దడం మొదలుపెడితే నా చెయ్యి ఆగదు. ఏడవనని ముందే మాటిచ్చి రా.

మీ పెద్దమ్మ