జాలీబాయ్‌లో మాస్కు మసకబారుతుంటే

అండమాన్‌లో జాలీబాయ్ దీవికి స్నార్కెలింగ్‌కు (నీటిమీద తేలుతూ లోపలి చేపల్ని చూడ్డానికి) వెళ్తే, కళ్లకు పెట్టుకునే మాస్కు మసకబారి, నీళ్లు కారి ఒక్క చేపా సరిగా కనపడలేదన్నారు కదండీ. మసకకు మందు ఉమ్మే! దిగేముందు అద్దం లోపలివైపు ఉమ్మి రుద్ది, సముద్రపు నీటితో ఒక్కసారి కడిగేయండి. రోతనిపిస్తే బేబీ షాంపూ చుక్క చాలు. నీళ్లు కారేది చాలావరకు మీసం వల్లో, అంచు కింద ఇరుక్కున్న జుట్టు వల్లో. పట్టీ మరీ బిగించినా కారుతుంది.

చేపల వెంట పడకండి, కదలకుండా తేలండి. కాళ్లు కొడితే ఇసుక లేచిపోతుంది. సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) కనిపిస్తే అక్కడే కాసేపు ఆగండి, అందులో దాక్కునే చిన్న చేప క్లౌన్ ఫిష్ తొంగిచూస్తుంది. పగడాల మీద మాత్రం నిలబడొద్దు, అవి ప్రాణమున్నవి. వండూర్‌లో పొద్దున్నే బోటెక్కండి, జాలీబాయ్‌కి బోట్లు అక్కణ్నుంచే; ఆ దీవి ఉన్న మెరైన్ నేషనల్ పార్కుకు సోమవారం సెలవు. వానాకాలమైతే జాలీబాయ్ మూసేసి రెడ్‌స్కిన్ దీవికి తీసుకెళ్తారు.